ఇరిమా కోట మీద కమేకో అన్న మాట

ఇరిమా కోటకి కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు కనిపించేది కోట కాదు, ఇషిమినే కమేకో. తల మీద వెడల్పాటి గడ్డి టోపీ, మెడ చుట్టూ తువ్వాలు, చేతిలో కొడవలి. ఫొటో కోసం గోడ మీద కూర్చోవాలని ఎవరైనా కాలెత్తారా, "దిగండి బాబూ, అది బెంచీ కాదు, ఆరొందల ఏళ్ళ ముసలాయన వీపు" అని దింపేస్తుంది. కోటలో గడ్డి కోసే పని ఊరి ఆఫీసువాళ్ళు ఇచ్చిందే అయినా, వాళ్ళు ఇవ్వకముందు నుంచే ఆమె కోస్తోంది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే విసుక్కోదు. "ముందు గోడకి కానివ్వండి, అది నాకంటే పెద్దది" అంటుంది. అందరూ నవ్వి ఊరుకుంటారు. ఆ మాట వెనక ఏముందో ఎవరూ రెట్టించి అడగలేదు.

కోట అంటే పెద్దగా ఊహించుకోవద్దు. సముద్రం వైపు కొండ అంచున మూడు వరసల పగడపు రాతి గోడలు, రెండు ద్వారాలు, లోపల ఒక ఊట, దాని పక్కన మొక్కుకునే రాయి. అంతే. లోపలి గోడ దొరికిన రాయిని దొరికినట్టు పేర్చింది, మొదటి ప్రభువు నాటిది. మధ్య గోడలో రాళ్ళు చెక్కి, నేసిన గుడ్డలా వరసలు తీర్చారు. ఆయన మనవడి కాలానికి చైనా ఓడలు వచ్చిపోతూ నాలుగు డబ్బులు కనిపించాయి మరి. బయటి గోడ ఆఖరి ప్రభువు కట్టించింది. రాళ్ళన్నీ తాబేలు వీపు మీద గళ్ళలాగా ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉంటాయి, మధ్యలో చాకు మొన కూడా దూరదు. అది పూర్తయి ఎన్నో ఏళ్ళు కాకముందే షురిలో ఉన్న రాజుగారు, సామంతులందరూ వచ్చి తన కళ్ళెదుటే కాపురాలు పెట్టాలని కబురు చేశాడు. మా ఇరిమా ప్రభువు కత్తి దూయలేదు. సామాన్లు సర్దించి పెళ్ళాం బిడ్డలతో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎవరూ వచ్చి ఉండలేదు. పోరాడి కూలిన కోటల మీద పాటలున్నాయి. మా కోట మీద అదీ లేదు.

నాలుగొందల యాభై ఏళ్ళు ఖాళీగా ఉన్నా గోడలు మాత్రం నిలబడ్డాయి. యుద్ధంలో అమెరికా ఓడలు నెల రోజులు ఫిరంగులు పేల్చినా బయటి గోడ సగానికి పైగా మిగిలింది. దాన్ని పడగొట్టింది శత్రువు కాదు. కమేకో నాన్న.

జెంటోకు సమాధులు కట్టే రాతిపనివాడు. యుద్ధం అయిపోయేసరికి పోయినవాళ్ళు ఎక్కువ, పూడ్చేవాళ్ళు తక్కువ, సమాధి కట్టించుకునేవాళ్ళు అసలే లేరు. అమెరికా సైన్యానికి రేవు రోడ్డు వేయడానికి రాయి కావలసి వచ్చింది. ఏ రాయి లాగితే ఎంత గోడ ఒరుగుతుందో తెలిసినవాడు కావాలన్నారు. ఊళ్ళో అలాంటివాడు ఒక్కడే. జీతం కింద పిండి, డబ్బా మాంసం, పాలపొడి ఇచ్చేవాళ్ళు. కమేకో ఆ ఏడే పుట్టింది. తల్లికి పాలు పడలేదు. పిల్ల ఆ పాలపొడి తాగి బతికింది. పదకొండు నెలలు లారీలు తిరిగాయి. ఆఖరి లారీ వెళ్ళిపోయాక జెంటోకు మళ్ళీ ఆ కొండ ఎక్కలేదు. ఊరివాళ్ళు ఆయన్ని ఒక్క మాట అన్నది లేదు, ఆ పిండి అందరూ తిన్నదే కదా. ఆయనకి ఒకరు అనాల్సిన అవసరం లేకపోయింది.

తల్లి పోయేటప్పటికి కమేకోకి తొమ్మిదేళ్ళు. అప్పటికే బళ్ళో ఆమెకి జపాన్ భాష నోటికి పట్టని పిల్ల అని పేరు. మా దీవి భాష మాట్లాడిన పిల్లల మెడలో చెక్కబిళ్ళ వేలాడదీసే రోజులవి. ఇంకో పిల్ల నోట అదే భాష పట్టుకుని, బిళ్ళ ఆ మెడలో వేస్తేగాని మన మెడ ఖాళీ కాదు. కమేకో ఎవరినీ పట్టించేది కాదు. ఒకసారి పదకొండు రోజులు మోసింది. ఆ బిళ్ళ ఎప్పుడో పోయింది గానీ, అవతలివాళ్ళ ముందు నోరు తెరిస్తే తప్పు దొర్లుతుందన్న భయం మాత్రం ఆమెతోనే ఉండిపోయింది.

యుద్ధం నుంచీ అమెరికావాళ్ళ చేతిలో ఉన్న మా దీవి మళ్ళీ జపాన్ చేతికొచ్చిన ఏడాది, చలికాలం ముందర, హిబినో అనే మనిషి వచ్చాడు. సముద్రం అవతలి పెద్ద జపాన్‌ని మేం యమాటో అంటాం. ఆ యమాటోలో నారా ఆయన ఊరు. సన్నగా పొడుగ్గా, ఎండకి చెవులు ఎర్రగా కమిలిపోయి ఉండేవాడు. కోటలో నిలబడ్డ ప్రతి రాయినీ, పడి ఉన్న ప్రతి రాయినీ కొలిచి బొమ్మ గీయడం ఆయన పని. కొలత టేపు రెండో కొస పట్టుకోవడానికి, రాళ్ళ మీదా కాగితం మీదా అంకెలు వేయడానికి ఒక మనిషి కావాలంటే ఇరవై నాలుగేళ్ళ కమేకోని పెట్టారు.

మొదటి రోజు సాయంత్రం ఆమె టేపు చుట్టి పెట్టెలో పెట్టి, చేతులు దులుపుకుని, "సరే, ఇంటికి వెళ్దాం" అని బయలుదేరింది. ఇల్లు చేరేదాకా వెనక అడుగుల చప్పుడు పట్టించుకోలేదు. గుమ్మం దగ్గర తిరిగి చూస్తే సంచి భుజాన వేసుకుని హిబినో.

"ఎవరే ఇతను?" అన్నాడు అరుగు మీద కూర్చున్న జెంటోకు.

"కొలతలాయన."

"మనింటికెందుకొచ్చాడు?"

"నాకేం తెలుసు నాన్నా. వెంటబడి వచ్చాడు."

హిబినో తెల్లబోయాడు. "అమ్మాయిగారే కదండీ 'ఇంటికి వెళ్దాం' అన్నారు."

జెంటోకు ఒక నిమిషం అలాగే చూసి పడీపడీ నవ్వాడు. ఆయన అలా నవ్వి ఎన్నేళ్ళయిందో కమేకోకి గుర్తు లేదు. "ఒరే నాయనా, మా దగ్గర 'వెళ్దాం' అంటే నేను పోతున్నా అని. 'తిందాం' అంటే నేను తింటున్నా అని. నువ్వు చూస్తూ కూర్చోవాలన్నమాట" అన్నాడు. అది నిజం. మా పాతభాష పలుకుబడి అలా యమాటో మాటల్లోకి దూరిపోయింది. అదే మాట, అదే పలుకు. మా నోట అందులో ఒక్కరే ఉంటారు, వాళ్ళ నోట ఇద్దరు. సెలవు తీసుకునేటప్పుడు మేం 'వెళ్దాం' అనే అంటాం.

"క్షమించండి, వస్తానండి" అని హిబినో లేవబోతే జెంటోకు సంచి పట్టుకుని లాగాడు. "వచ్చినవాడివి తినకుండా పోతావా. కూర్చో. కమేకో, ఆ కాకరకాయల్లో ఇంకో గుడ్డు కొట్టు."

ఆ పూట తింటూ హిబినో బయటి గోడ గురించి అడిగాడు. పడిపోకముందు ఎలా ఉండేదో గుర్తున్నవాళ్ళు ఊళ్ళో ఎవరైనా ఉన్నారా అని. కమేకో తండ్రి మొహం వంక చూసి మాట మార్చబోయింది. జెంటోకు గిన్నె కింద పెట్టాడు.

"నాకంటే బాగా తెలిసినవాడు లేడు. పడగొట్టింది నేనే."

హిబినో అయ్యో అనలేదు, అదోలా చూడలేదు. "అయితే ఏ రాయి పక్కన ఏ రాయి ఉండేదో చెప్పగలరా?" అని అడిగాడు. జెంటోకు గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. మర్నాడు పొద్దున్న మాత్రం అందరికంటే ముందే వెళ్ళి కొండ మీద నిలబడి ఉన్నాడు. తన తండ్రికి ఆ కొండని తిరిగి ఇచ్చిన మనిషిని కమేకో ప్రేమించడంలో వింత ఏముంది. నాకైతే ఏమీ కనబడదు.

ఏడాదిన్నర అలా గడిచింది. జెంటోకు కళ్ళు మూసుకుని రాళ్ళు చెప్పేవాడు, హిబినో గీసేవాడు, కమేకో అంకెలు వేసేది. మధ్యాహ్నం మల్లెపూల టీ, నల్లబెల్లం ముక్కలు. ఆ మొదటిరోజు తప్పు హిబినోకి ఆటైపోయింది. "నేనిప్పుడు టీ తాగుదాం, మీరు చూస్తూ కూర్చోండి" అని కమేకోని ఏడిపించేవాడు. మా మాట పట్టుబట్టి నేర్చుకున్నాడు. ఊరి ఆఫీసు గుమాస్తాకంటే మా ముసలమ్మలు హిబినోతోనే ఎక్కువ కబుర్లాడేవాళ్ళు.

"మీరు నేర్చుకుని ఏం చేస్తారు, మీ ఊళ్ళో దీన్ని వినేదెవరు?" అంది కమేకో ఒకరోజు.

"మీరు మాట్లాడేటప్పుడు తప్పుగా వినకుండా ఉంటాను."

ఆమె తల దించుకుని కాగితం మీద అంకె వేసింది. ఆ అంకె వంకరగా పడింది.

ఆయన ఆమె మాట నేర్చుకుంటుంటే, ఆమె ఆయనకి తెలియకుండా ఆయన మాట నేర్చుకుంది. రేడియోలో వార్తలు చదివే ఆవిడ వెనకాలే, వంట చేస్తూ, ఒక్కో వాక్యం పలికేది. నారాలో ఆయన తల్లి ఉంది. ఆ తల్లి ముందు పలుకు తప్పి, మెడలో బిళ్ళ ఉన్న పిల్లలా నిలబడకూడదు. తనని ఇంకా ఎవరూ రమ్మనలేదు, అయినా నేర్చుకుంది.

పని పూర్తయిన వారం, సోమవారం నాడు, హిబినో రెండో ద్వారం దగ్గర ఆమెని ఆపాడు.

"శనివారం మధ్యాహ్నం నాకు ఓడ. రెండు టికెట్లు తీసుకున్నాను. మీరు రావాలని నా కోరిక. ఇప్పుడేం చెప్పకండి. శుక్రవారం ఇక్కడే చెప్పండి. సరేనంటే శనివారం పొద్దున్నే వచ్చి నాన్నగారిని అడుగుతాను. కాదంటే రెండో టికెట్టు చింపేస్తాను, మిమ్మల్ని ఒక్క మాట కూడా అడగను."

ఆ నాలుగు రోజులూ కమేకో జవాబు గురించి ఆలోచించలేదు, అది ఎప్పుడో అయిపోయింది. ఎలా చెప్పాలా అని ఆలోచించింది. ఆయన భాషలోనే చెప్పాలనుకుంది. 'వస్తాను' అంటే అందులో తనొక్కతే ఉంటుంది. 'వెళ్దాం' అంటే, ఆయన భాషలో, ఇద్దరూ ఉంటారు. ఆ ఇద్దరూ ఉన్న మాటే కావాలనుకుంది. రేడియో ఆవిడలా పలకాలని పొయ్యి ముందు కూర్చుని వందసార్లు అనుకుంది.

ఇటు హిబినో ఏం చేశాడంటే, ఆమె ఏం చెప్పినా ఆమె భాషలోనే వినాలని, తన చెవిని తన ఊరి నుంచి పూర్తిగా తప్పించుకుని కూర్చున్నాడు. మొదటిరోజులా మళ్ళీ వెర్రివాడిలా వెంటపడకూడదని.

శుక్రవారం సాయంత్రం ఆమె ద్వారం దగ్గరకి వచ్చింది. ఆయన మొహం చూడలేకపోయింది.

"హిబినో గారూ. వెళ్దాం."

అంతే అంది. ఆయన "అలాగా" అన్నాడు. నడుం వంచి, నుదురు మోకాళ్ళకి ఆనుతుందా అన్నంత లోతుగా నమస్కరించాడు. యమాటోలో పెళ్ళిమాట కుదిరితే ఇలాగే వంగుతారు కాబోలనుకుంది కమేకో.

"నాన్నగారి సంగతి చూసుకోండి" అన్నాడు వంగే ఉండి.

ప్రయాణానికి ముందు నాన్నకి కావలసినవి చూసిపెట్టమంటున్నాడు, ఎంత మంచివాడు, అనుకుంది. "చూసుకుంటానండి" అని, సిగ్గు ఆపుకోలేక, కొండ దిగి పరిగెత్తింది. ఆ పరుగు ఆయన చెవికి ఎలా వినబడి ఉంటుందో చెప్పక్కర్లేదు. 'రేపు ఎన్నింటికి వస్తారు' అని ఆమె ఒక్క ముక్క అడిగినా సరిపోయేది. 'ఎందుకు రానంటారు' అని ఆయన అడిగినా సరిపోయేది. అడగనని మాటిచ్చాడుగా, అడగలేదు. ఇద్దరి మర్యాదలూ మంటగలవ.

శనివారం పొద్దున్న జెంటోకు గడ్డం గీసుకుని, ఉన్న ఒక్క తెల్లచొక్కా వేసుకున్నాడు. విషయం విన్నప్పుడు, "వెళ్ళు. నా వంట నేను చేసుకోలేనా. నీ వంట కంటే నయంగానే ఉంటుంది" అన్నాడు గానీ, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. కమేకో వాటిని సరిచేసింది. టీ కాచింది. పళ్ళెంలో బెల్లం ముక్కలు పెట్టింది. టీ చల్లారితే మళ్ళీ కాచింది. మూడోసారి కాచినప్పుడు రేవు వైపు నుంచి ఓడ కూత వినబడింది.

జెంటోకు లేచి హిబినో ఉన్న ఇంటికి వెళ్ళి అడిగొచ్చాడు. పొద్దున్న మొదటి బస్సుకే వెళ్ళిపోయాడట. ఆయన చొక్కా విప్పి మడత పెట్టాడు.

"యమాటోవాళ్ళు ఇంతేనే. వస్తారు, కొలుచుకుంటారు, పోతారు."

కమేకో బెల్లం ముక్కలు తిరిగి డబ్బాలో వేసింది. ఏడవలేదు. కోపం ఏడుపుని రానివ్వలేదు.

నెల తర్వాత నారా నుంచి నలభై ఒక్క బొమ్మల కట్ట, ఒక ఉత్తరం వచ్చాయి. ఉత్తరం జెంటోకు పేరున. చివర ఒక వాక్యం: అమ్మాయిగారు చేసిన సాయానికి కృతజ్ఞతలు. "అమ్మాయిగారట" అంది కమేకో. జవాబు రాయలేదు. తనని వద్దనుకున్న మగవాణ్ణి కారణం అడుక్కోవడమా. ఆ పొగరు ఆమెది కాదని నేననను. కానీ ఒక్క కార్డు ముక్క, ఒక్కటంటే ఒక్కటి రాసి ఉంటే అని నాకిప్పటికీ కడుపు మండుతుంది.

ఇద్దరు పెళ్ళికొడుకులు వచ్చారు, ఒక బస్సు కండక్టరు, భార్య పోయిన ఒక జాలరి. ఇద్దరికీ టీ ఇచ్చి పంపించేసింది. తండ్రీకూతుళ్ళు ఆ బొమ్మలు పట్టుకుని రాళ్ళ వేటలో పడ్డారు. లారీలు ఎత్తుకుపోగా మిగిలినవి ఊళ్ళో చాలానే ఉన్నాయి, పందుల దొడ్ల గోడల్లో, బావి గట్టు మీద, ఇళ్ళ ముందు మెట్ల కింద. జెంటోకు ఒక్కసారి అరచెయ్యి వేసి చూసి, "ఇది బయటి గోడది, ఎడమ మలుపు, కింద నుంచి ఐదోది" అనేవాడు. దొడ్డివాళ్ళు సణుక్కుంటూనే ఇచ్చేవాళ్ళు. తోపుడు బండి మీద ఒక్కోటీ కొండెక్కించి, కమేకో అంకె వేసేది. పద్నాలుగేళ్ళలో మూడొందల పన్నెండు రాళ్ళు.

జెంటోకు మంచాన పడ్డాక ఒకరోజు, "నేను లేకపోతే నిన్ను తీసుకుపోయేవాడే" అన్నాడు.

"వద్దనుకుంది నన్ను నాన్నా, నిన్ను కాదు. నువ్వు జావ తాగు."

ఆ ఏడే ఆయన పోయాడు. కమేకో ఒక్కతే గడ్డి కోస్తూ, మిగిలిన రాళ్ళు వెతుకుతూ ఉండిపోయింది.

ఆమెకి యాభై ఆరు దాటాక బయటి గోడని తిరిగి కట్టే పని మొదలైంది. పని చూడటానికి నారా నుంచి ఒగాతా అనే ఇంజనీరమ్మ వచ్చింది. నలభై ఏళ్ళది, గట్టి గొంతు, పెట్టింది పెట్టినట్టు తినేది. గోడ మళ్ళీ లేవడానికి కమేకో చేర్చిన రాళ్ళూ, ఆ నలభై ఒక్క బొమ్మలూ ఆధారం. ఆ బొమ్మలాయన గురించి కమేకో ఎప్పుడూ అడగలేదు. ఒక మధ్యాహ్నం టీ తాగుతూ ఉండగా ఆమెకి ఇంట్లో పొయ్యి మీద పెట్టిన కూర గుర్తొచ్చింది.

"కూర మాడుతుందేమో, ఇంటికి వెళ్దాం" అని లేచింది.

ఒగాతా నవ్వింది. "నేను సంచి తియ్యనులెండి పెద్దమ్మా. మా సార్ ముందే చెప్పారు."

"ఏం చెప్పారు?"

"ఈ బొమ్మలు గీసిన హిబినో సారే. ప్రతి ఏడూ మొదటి క్లాసులో ఇదే కథ. 'ఆ దీవిలో ఈ మాట రెండుసార్లు విన్నాను. మొదటిసారి అర్థం కాక వెంటబడి వెళ్ళి కడుపునిండా తిన్నాను. రెండోసారికి నాకు వాళ్ళ భాష వచ్చేసింది. వచ్చింది కాబట్టి ఆమె వద్దంటోందని అర్థమైంది, పరువుగా టికెట్టు చింపేసి వచ్చేశాను. కాబట్టి పని చేసేచోట భాష నేర్చుకోండి' అంటారు. ఏం టికెట్టో అడిగితే మాత్రం చెప్పరు."

కమేకో టీ గిన్నె కింద పెట్టబోయింది. పెట్టాననుకున్న చోట బల్ల లేదు. గిన్నె పగిలింది.

"రెండోసారి కూడా ఇదే మాటా?"

"ఇదేనటండీ. అయ్యో, కాలికి తగిలిందా?"

"లేదమ్మా" అని ఆమె పెంకులు ఏరింది. ఇంటికి వెళ్ళేసరికి కూర నిజంగానే మాడిపోయి ఉంది. గుమ్మంలో కూర్చుని ఆ మాట పైకి అంది. ఒకసారి ఊరి పలుకులో, ఒకసారి రేడియో ఆవిడ పలుకులో. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు ఆమె కోపాన్ని పట్టుకుని నిలబడింది. ఇప్పుడు అది కూడా లేదు. తనని ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ వద్దనుకోలేదు. తను నోరారా సరేనంటే, ఆయన తన మాట గౌరవించి వెళ్ళిపోయాడు. ఎవర్ని తిట్టుకోవాలి? నాన్న ఆయన్ని తిట్టుకుంటూనే పోయాడు. ఆ సంగతి గుర్తొచ్చి ఇంకా ఎక్కువ ఏడ్చింది.

మర్నాడు ఒగాతాని అడిగింది, మీ సార్‌కి ఎంతమంది పిల్లలని. ఇద్దరు కూతుళ్ళు, మేడమ్ చాలా మంచిమనిషి అని చెప్పింది. కమేకో ఉత్తరం రాయడానికి కూర్చుని నాలుగు వరసలు రాసింది. రాసినదాన్ని పొయ్యిలో పెట్టింది. ఎదురుగా వస్తే అప్పుడు చెప్తాను అనుకుంది. వస్తాడని అనుకోలేదు.

వచ్చాడు. గోడ పూర్తయి ద్వారం తెరిచిన రోజు, ఆ శుక్రవారానికి సరిగ్గా ముప్ఫై మూడేళ్ళకి. మా దగ్గర పోయినవాళ్ళకి కూడా ఆఖరి తద్దినం ముప్ఫై మూడో ఏట. ఆయనకి చేతికర్ర వచ్చింది, చెవులు మాత్రం అలాగే ఎర్రగా ఉన్నాయి. పక్కన ఆయన భార్య తమయో, పొట్టిగా, ఆయాసపడుతూ, చేతిలో నారా ఊరగాయ పొట్లంతో.

"మీరే కదా కమేకో గారు. మీరు వేసిన అంకెల కాగితం ఒకటి మా ఇంట్లో గోడకి పెట్టుకున్నారీయన. వంకర అంకె ఒకటి ఉంటుంది, అదంటే మా పిల్లలకి భలే ఇష్టం" అంటూ ఊరగాయ ఆమె చేతిలో పెట్టింది. తర్వాత ద్వారం కింద రాయి మీద చతికిలబడింది. "నా మోకాళ్ళు ఇక్కడిదాకే. మీరిద్దరూ పైకెళ్ళి చూసుకురండి. మీకే కదా తెలుసు అదంతా."

ఇద్దరూ మెల్లగా ఎక్కారు. హిబినో బయటి గోడ మలుపులో ఆగి రాళ్ళ మీద అరచెయ్యి ఆనించాడు, అచ్చం జెంటోకు ఆనించినట్టు. నాన్నగారు చూసి ఉంటే బాగుండేది అన్నాడు. అవునండి అంది. గాలి బాగా ఉంది. కింద తమయో బత్తాయిపండు వొలుస్తూ, తువ్వాలు పరిచి, తన పక్కన ఇంకొకరికి చోటు ఉంచింది.

"ఒక్క సంగతి అడగాలి" అన్నాడు హిబినో, గోడ వైపే చూస్తూ. "ఆ రోజు మీరొక మాట అన్నారు. క్లాసుల్లో గొప్పగానే చెప్పుకుంటాను. కానీ ఆ రోజు ఓడ సగం దూరం వచ్చాక నాకొక అనుమానం వచ్చింది. అప్పటికి మీరు కూడా మా భాష నేర్చుకుంటున్నారేమో అని. మీ ఇంటి ముందు నుంచి వెళ్తుంటే ఒకసారి రేడియో వెనకాల మీ గొంతు వినబడింది. ఒడ్డు చేరాక తిరిగొద్దామనుకున్నాను. అడగనని మాటిచ్చాను కదా అని ఆగిపోయాను." ఆయన కర్రని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఆ మాట మీరు ఏ భాషలో అన్నారు, కమేకో గారూ?"

మూడేళ్ళుగా ఆమె నోట్లో నానుతున్న జవాబు అది. 'మీ భాషలో.' రెండే రెండు మాటలు. అంటే చాలు, తన బతుకు వృథా కాలేదని లోకంలో ఇంకొక మనిషికి తెలుస్తుంది. ఆమెకి అది కావాలి. ఎంత కావాలో చెప్పలేనంత కావాలి.

కింద తమయో బత్తాయి తొనలు సగం తను తిని, సగం తువ్వాలు మీద వరసగా పెడుతోంది. ఈయన ఇప్పుడు ఆ మెట్లన్నీ దిగి, ఆ మాట మోసుకుంటూ వెళ్ళి, ఆ చోట్లో కూర్చుని, ఆ తొనలు తినాలి. రేపూ, ఎల్లుండీ, బతికినన్నాళ్ళూ.

"మా భాషలోనే అన్నానండి" అంది కమేకో. "మీ భాష నాకెప్పుడొచ్చింది గనక. రేడియో ఊరికే పెట్టుకునేదాన్ని, నాన్నకి వార్తలంటే ఇష్టం."

"అంతేనా?"

"అంతే."

"అయితే నేను సరిగ్గానే విన్నాను."

"సరిగ్గానే విన్నారండి."

హిబినో ఊపిరి వదిలాడు. ఆయన మొహంలో ఏదో తేలికపడింది. దాంతోపాటే ఇంకేదో ఆరిపోవడం కూడా ఆమె చూసింది. చూసి, చూడనట్టు సముద్రం వైపు తిరిగింది. ఆయన చాలా థాంక్సండి అని, కర్ర ఊతంగా ఒక్కో మెట్టూ దిగి వెళ్ళాడు. భార్య పక్కన కూర్చుని తొనలు తిన్నాడు.

కింద ఒగాతా ఫొటోకి రమ్మని రెండుసార్లు పిలిచింది. కమేకో ఆ మలుపులోని గడ్డి ఇంకా కొయ్యాలని చెప్పి పైనే ఉండిపోయింది. అక్కడ గడ్డేమీ లేదు, ముందు రోజే కోసేసింది. వాళ్ళ కారు రోడ్డు మీద కనుమరుగయ్యేదాకా ఆమె దిగలేదు. దిగితే చెప్పేస్తుందని ఆమెకి తెలుసు.